సింగపూర్ బెత్తం: దెబ్బ పడకముందే తేలిపోయే న్యాయం

2025 నవంబరులో సింగపూర్ పార్లమెంటు ఒక సవరణ చట్టాన్ని ఆమోదించింది. ఫోన్లో, ఆన్‌లైన్లో జనాన్ని మోసగించి డబ్బు కాజేసేవాళ్లకు, ఆ ముఠాల్లో పనిచేసేవాళ్లకు, వాటిలోకి మనుషుల్ని చేర్చేవాళ్లకు ఇక జైలు ఒక్కటే కాదు, కనీసం 6, గరిష్ఠంగా 24 బెత్తపు దెబ్బలు. తన బ్యాంకు ఖాతానో సిమ్‌కార్డునో ముఠా చేతికిచ్చినవాడికి 12 దెబ్బల దాకా పడవచ్చు. ఈ వార్త తెలుగులో వచ్చినప్పుడల్లా రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. మన దగ్గరా ఇలా ఉంటే బాగుండునని కొందరు, ఇదేం ఆటవికమని ఇంకొందరు. ఇద్దరి చూపూ దెబ్బ మీదే. ఆ దెబ్బ ఎవరి మీద పడాలో, ఎన్ని పడాలో తేల్చే యంత్రాంగాన్ని చూసేవాళ్లు తక్కువ.

క్లుప్తంగా

సింగపూర్, మలేసియాల్లో కోర్టు విధించే బెత్తపు దెబ్బలకు మూలం బ్రిటిష్ ఇండియా చట్టాలు. ఎలా కొట్టాలో చట్టం ప్రతి కొలతా రాసిపెట్టింది. న్యాయానికి సంబంధించిన అసలు సమస్యలు అంతకు ముందు మెట్లలో ఉన్నాయి: ఏ సెక్షన్ కింద కేసు పెడతారు, జడ్జికి ఎంత వెసులుబాటు ఉంది, నిందితుడికి ఏ భాష వచ్చు, చేతిలో ఏ కాగితం ఉంది. వలస కార్మికులు ఈ శిక్ష పరిధిలోకి ఎక్కువగా వచ్చేది వీసా, ప్రవేశ నిబంధనల వల్ల. పడ్డ దెబ్బను వెనక్కి తీసుకునే దారి లేదు కాబట్టి అప్పీలు గడువే ఇక్కడ అసలైన రక్షణ.

కొరడా వేరు, బెత్తం వేరు

మన పత్రికల్లో అన్నిటికీ ‘కొరడా దెబ్బలు’ అనే రాస్తారు. దానివల్ల మూడు నాలుగు వేర్వేరు శిక్షలు పాఠకుడి మనసులో ఒకటిగా కలిసిపోతాయి. సింగపూర్‌లో వాడేది కొరడా కాదు, పేము బెత్తం. అది కూడా ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తుంది. బడిలో అబ్బాయిలకు క్రమశిక్షణ కోసం అరచేతి మీదో, బట్టల మీదుగానో వేసేది ఒకటి. జైల్లో నిబంధనలు ఉల్లంఘించిన ఖైదీకి వేసేది ఇంకొకటి. నేరం రుజువయ్యాక కోర్టు తీర్పులో సంఖ్యతో సహా రాసేది మూడోది. ఈ వ్యాసం మూడోదాని గురించే. మన చిన్నప్పటి బడి బెత్తాన్ని గుర్తు చేసుకుని ‘నాలుగు దెబ్బలేగా’ అనుకుంటే పొరపాటు. ఆ రెంటికీ పేరులో తప్ప పోలిక లేదు.

సౌదీ అరేబియాలో అమలైన కొరడా శిక్ష తీరు వేరు. అక్కడ దెబ్బల సంఖ్య వందల్లో ఉండేది, వాటిని విడతలుగా కొట్టేవారు, బట్టల మీదుగా వీపు మీద, కాళ్ల మీద పడేవి. సింగపూర్‌లో సంఖ్య తక్కువ, దెబ్బ తీవ్రత చాలా ఎక్కువ. 50 కన్నా 6 చిన్నది కాబట్టి శిక్ష కూడా చిన్నదని లెక్క కట్టడానికి వీల్లేదు.

చట్టంలో రాసిన కొలతలు

సింగపూర్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 325 నుంచి 332 దాకా ఉన్న సెక్షన్లు ఈ శిక్షకు సంబంధించినవి. బెత్తం మందం 1.27 సెంటీమీటర్లు దాటకూడదు. పొడవు సుమారు 1.2 మీటర్లు ఉంటుంది. కొడుతున్నప్పుడు చీలి పేళ్లు లేవకుండా దాన్ని ముందు నీళ్లలో నానబెడతారు, క్రిమిసంహారకంతో శుభ్రం చేస్తారు. ఒకే విచారణలో ఎన్ని నేరాలు రుజువైనా, అన్నీ కలిపి పెద్దవాళ్లకు 24 దెబ్బలు, మైనర్లకు 10 దెబ్బలు మించకూడదు. మెజిస్ట్రేట్ కోర్టు 6 దాకా, జిల్లా కోర్టు 12 దాకా విధించగలవు. అంతకు మించాలంటే హైకోర్టుకే అధికారం.

శిక్ష అమలయ్యేది జైలు గోడల లోపల, జనం కంటికి దూరంగా. ఏ రోజో ఖైదీకి ముందుగా చెప్పరు. ఆ రోజు డాక్టర్ పరీక్షించి తట్టుకోగలడని రాసివ్వాలి. తరవాత చెక్క చట్రానికి చేతులు, కాళ్లు కట్టి, నడుము వంచి నిలబెడతారు. దెబ్బ పిరుదుల మీదే పడాలి. గురి తప్పి పైకి తగిలితే మూత్రపిండాలు దెబ్బతింటాయి కాబట్టి నడుము మీద మందపాటి మెత్త కడతారు. కొట్టేది ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన జైలు సిబ్బంది. చర్మం మొదటి దెబ్బలకే చిట్లుతుంది. గాయాలు మానడానికి వారం నుంచి నెల పడుతుంది, మచ్చలు ఉండిపోతాయి.

విడతలుగా కొట్టకూడదన్నది ఈ చట్టంలో ముఖ్యమైన నియమం. మధ్యలో డాక్టర్ ఆపమంటే ఆపాల్సిందే. గాయం మానాక మిగిలినవి కొడతామనే వీల్లేదు. అప్పుడు కేసు మళ్లీ కోర్టుకు వెళుతుంది. మిగిలిన దెబ్బల్ని కోర్టు రద్దు చేయవచ్చు, లేదా వాటికి బదులుగా 12 నెలలకు మించకుండా జైలు పెంచవచ్చు.

ఇంత వివరంగా నియమాలు రాయడాన్ని సింగపూర్ ప్రభుత్వం తన వ్యవస్థకు బలంగా చూపుతుంది. అది కొంతవరకు నిజం. కొట్టేవాడి కోపం మీద, జనం కేకల మీద దెబ్బ ఆధారపడదు. అయితే కొలతలన్నీ పక్కాగా ఉన్నంత మాత్రాన శిక్ష న్యాయమైనదైపోదు. ఆ కొలతలు ఎలా కొట్టాలో చెబుతాయి. ఎవరిని, ఎందుకు అనే ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు.

ఆ సెక్షన్లు ఇండియా నుంచి వెళ్లినవే

సింగపూర్, పెనాంగ్, మలక్కాలు కలిసిన స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్‌ను 1867 దాకా కలకత్తా నుంచే పాలించారు. 1871లో అక్కడ తెచ్చిన శిక్షాస్మృతికి నమూనా మన 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్. అందుకే నేటికీ సింగపూర్‌లో హత్యకు శిక్ష 302వ సెక్షనే, మోసానికి 420వ సెక్షనే.

ఐపీసీలో మాత్రం కొరడా శిక్ష లేదు. ఐపీసీ ముసాయిదా రాసిన మెకాలే కమిషన్ దాన్ని కావాలనే వదిలేసింది. 1864లో విప్పింగ్ యాక్ట్ పేరుతో వేరే చట్టం తెచ్చి ఆ శిక్షను వెనక్కి తెచ్చారు. 1909లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. అమలు చేసే పద్ధతి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది: అర అంగుళం బెత్తం, 30కి మించని దెబ్బలు, ఆడవాళ్లకు మినహాయింపు, 45 ఏళ్లు దాటిన మగవాళ్లకు మినహాయింపు, విడతలుగా కొట్టకూడదు, డాక్టర్ పరీక్షించాలి. సింగపూర్ కోడ్‌ను పక్కన పెట్టి చదివితే అంకెలు కొంచెం మారాయి తప్ప మిగతా చట్రం అంతా అదే. 1.27 సెంటీమీటర్లంటే అర అంగుళమే.

ఇండియా 1955లో చట్టం చేసి కొరడా శిక్షను రద్దు చేసింది. బ్రిటన్ తన కోర్టుల్లో 1948లోనే ఆపేసింది. హాంకాంగ్ 1990లో తీసేసింది. సింగపూర్, మలేసియా అలాగే ఉంచుకోవడమే కాదు, స్వాతంత్ర్యం తరవాత కొత్త నేరాలకూ విస్తరించాయి. కాబట్టి ఇది ఆసియా సంప్రదాయమనీ, తూర్పు దేశాల విలువలనీ చెప్పే వాదనకు చరిత్రలో ఆధారం తక్కువ. వలస పాలకులు తాము వదిలేసిన పనిముట్టును అక్కడ వదిలి వెళ్లారు.

సంఖ్య తేలేది కోర్టులో కాదు, చార్జిషీటులో

బెత్తం విషయంలో నేరాలు రెండు రకాలు. కొన్నిటికి జడ్జి ఇష్టం: వేయవచ్చు, మానవచ్చు. కొన్నిటికి ఇంతకు తగ్గకూడదని చట్టమే కనీస సంఖ్య రాసేస్తుంది. రెండో రకంలో నేరం రుజువైందంటే జడ్జి చేతులు కట్టేసినట్టే. నిందితుడి వయసు, పేదరికం, పశ్చాత్తాపం ఏవీ ఆ కనీస సంఖ్యను కిందికి దించలేవు.

దోపిడీ సంగతి చూడండి. సింగపూర్ శిక్షాస్మృతి 392వ సెక్షన్ ప్రకారం దోపిడీకి కనీసం 2 ఏళ్ల జైలు, 6 దెబ్బలు. అదే దోపిడీ సాయంత్రం 7 గంటల నుంచి ఉదయం 7 గంటల మధ్య జరిగితే కనీసం 3 ఏళ్లు, 12 దెబ్బలు. చేసిన పని ఒకటే, పోయిన సొమ్ము ఒకటే. గడియారం ముల్లు దెబ్బల్ని రెట్టింపు చేస్తుంది. రాత్రిపూట ఒంటరిగా వెళ్లేవాళ్లకు భయం ఎక్కువ కాబట్టి ఆ తేడా పెట్టారనుకోవచ్చు. కానీ సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు రద్దీ వీధిలో జరిగినదానికీ, అర్ధరాత్రి నిర్మానుష్యంలో జరిగినదానికీ తేడా చూసే వీలు కనీస సంఖ్య దగ్గర జడ్జికి లేదు.

జడ్జి దగ్గర తగ్గిన అధికారం మాయమవదు, ప్రాసిక్యూటర్ దగ్గరికి చేరుతుంది. ఎవరిదైనా వస్తువు మీద రంగు చల్లి పాడుచేస్తే రెండు రకాలుగా కేసు పెట్టవచ్చు. శిక్షాస్మృతిలోని ఆస్తినష్టం సెక్షన్ కింద పెడితే జరిమానా, జైలుతో సరిపోతుంది. 1966 నాటి వ్యాండలిజం చట్టం కింద పెడితే బెత్తం వస్తుంది. గోడల మీద రాజకీయ నినాదాలు, పోస్టర్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో తెచ్చిన ఆ చట్టం 3 నుంచి 8 దెబ్బలు నిర్దేశించింది. పెన్సిల్, సుద్దముక్క లాంటి, తుడిస్తే పోయేవాటితో మొదటిసారి రాసినవాళ్లకు మాత్రం దెబ్బల నుంచి మినహాయింపు ఇచ్చింది.

1994లో 18 ఏళ్ల అమెరికా యువకుడు మైకేల్ ఫే కేసు ప్రపంచమంతా తెలియడానికి కారణం ఈ చట్టమే. కార్ల మీద రంగు చల్లినందుకు 4 నెలల జైలు, 3,500 సింగపూర్ డాలర్ల జరిమానా, 6 దెబ్బలు వేశారు. అధ్యక్షుడు క్లింటన్ విజ్ఞప్తి చేశాక 6ను 4కు తగ్గించారు. మే 5న అమలు చేశారు. సింగపూర్ విదేశీ ఒత్తిడికి తలొగ్గలేదని కొందరు మెచ్చుకున్నారు. వేరే కోణం కూడా ఉంది: తగ్గిన ఆ రెండు దెబ్బలు నేరం తీవ్రత వల్ల తగ్గలేదు, నిందితుడి దేశం పెద్దది కావడం వల్ల తగ్గాయి. అదే నెలలో అదే నేరానికి శిక్షపడ్డ పేద దేశపు కూలీ కోసం ఏ అధ్యక్షుడూ ఉత్తరం రాయడు. 2010లో మెట్రో రైలు పెట్టె మీద బొమ్మలు వేసిన స్విట్జర్లాండ్ జాతీయుడికి 5 నెలలు, 3 దెబ్బలు విధిస్తే, అప్పీలులో జైలు 7 నెలలకు పెరిగింది. అప్పీలు అంటే తగ్గడమేనని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మాదకద్రవ్యాల కేసుల్లో ఈ సంగతి ఇంకా తీవ్రం. 15 గ్రాములు దాటిన హెరాయిన్ రవాణాకు మరణశిక్ష. 10 నుంచి 15 గ్రాముల మధ్య అయితే కనీసం 20 ఏళ్ల జైలు, 15 దెబ్బలు. దొరికింది 15 గ్రాములు దాటినా, ‘14.99 గ్రాములకు తక్కువ కాకుండా’ అని చార్జిషీటులో రాసే ఆనవాయితీ ఉంది. ఆ ఒక్క అంకెతో మనిషి ఉరికంబం నుంచి బెత్తం చట్రానికి మారతాడు. ఎవరికి 14.99 రాయాలో తేల్చేది ప్రాసిక్యూషన్ నడిపే అటార్నీ జనరల్ కార్యాలయం. ఆ నిర్ణయానికి కారణాలు బహిరంగంగా చెప్పాల్సిన అవసరం లేదు. ప్రాణం కాపాడే నిర్ణయమే అయినా, తీర్పు చెప్పే పని తలుపు వెనక జరుగుతోందన్నది వాస్తవం.

ఉరి తప్పితే బెత్తం

ఇటీవలి సంస్కరణల్లో ఒక వింత పోకడ కనిపిస్తుంది. ఈ రెండు దేశాల్లో మరణశిక్షను సడలించినచోట ఆ ఖాళీలోకి బెత్తం వచ్చి కూర్చుంటోంది. 2012లో సింగపూర్ మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. సరుకు మోసినవాడు మాత్రమే అయి, ముఠాను పట్టుకోవడంలో గట్టిగా సాయపడ్డాడని ప్రాసిక్యూటర్ ధ్రువపత్రం ఇస్తే, ఉరికి బదులు యావజ్జీవంతో పాటు కనీసం 15 దెబ్బలు వేయవచ్చు. 2023లో మలేసియా తప్పనిసరి మరణశిక్షను రద్దు చేసింది. ప్రత్యామ్నాయంగా 30 నుంచి 40 ఏళ్ల జైలు, 12కు తగ్గని దెబ్బలు పెట్టింది.

దయ చూపామని చెప్పడానికీ, మెత్తబడలేదని చెప్పడానికీ రెంటికీ ఇది పనికొస్తుంది కాబట్టి ప్రభుత్వాలకు అనుకూలం. 30 ఏళ్లు జైల్లోనే ఉండబోయే మనిషిని దెబ్బలు ఏ నేరం నుంచి ఆపుతాయన్న ప్రశ్నకు ఈ చట్టాల్లో సమాధానం లేదు.

మినహాయింపులు, సమానత్వం

ఆడవాళ్లను బెత్తంతో కొట్టకూడదు. అమలు రోజుకు 50 ఏళ్లు దాటిన మగవాళ్లను కొట్టకూడదు. ఉరిశిక్ష ఖరారైనవాళ్లను కొట్టకూడదు. మొదటి రెండు వర్గాలకు దెబ్బలకు బదులుగా 12 నెలల దాకా అదనపు జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. అంటే ఒకే నేరంలో పాల్గొన్న భార్యాభర్తల్లో భర్తకు దెబ్బలు, భార్యకు బహుశా కొన్ని నెలల ఎక్కువ జైలు. 49 ఏళ్లవాడికి దెబ్బలు, 51 ఏళ్లవాడికి జైలు. మలేసియాలో లైంగిక నేరాలకు ఈ 50 ఏళ్ల మినహాయింపు వర్తించదు.

ఇది సమానత్వానికి విరుద్ధమంటూ, బెత్తం చిత్రహింస కిందికి వస్తుందంటూ యోంగ్ వుయ్ కాంగ్ కేసులో వాదించారు. ఈ మలేసియా జాతీయుడికి ముందు ఉరిశిక్ష పడింది. 2012 సవరణ తరవాత అది యావజ్జీవం, 15 దెబ్బలుగా మారింది. 2015 మార్చిలో సింగపూర్ అత్యున్నత న్యాయస్థానం రెండు వాదనల్నీ కొట్టేసింది. చిత్రహింస అనిపించుకోవడానికి కావలసిన తీవ్రత సింగపూర్‌లో అమలు చేసే పద్ధతికి లేదని చెప్పింది. డాక్టర్ ఉండటం, సంఖ్యకు పరిమితి ఉండటం లాంటి జాగ్రత్తల్ని కారణాలుగా చూపింది. స్త్రీపురుష శరీర భేదం ఆధారంగా చూపే తేడా సమంజసమేనంది.

90 రోజులు, ఒక పాస్‌పోర్టు

తెలుగు పాఠకులకు నేరుగా సంబంధించిన భాగం ఇది. దొంగతనం, దోపిడీ, మత్తుమందుల మాట వినగానే ‘మనకెందుకు’ అనిపించవచ్చు. కానీ విదేశీ కార్మికుడు బెత్తం పరిధిలోకి వచ్చే మామూలు దారి ఇమిగ్రేషన్ చట్టం.

సింగపూర్ 1989లో ఇమిగ్రేషన్ చట్టంలో బెత్తం చేర్చింది. గడువు తీరాక 90 రోజులకు మించి ఉండిపోతే 6 నెలల దాకా జైలు, కనీసం 3 దెబ్బలు అని రాసింది. దొంగతనంగా ప్రవేశించినవాళ్లకూ అంతే. 90 రోజుల లోపే దొరికినా, ఆ లోపే తనంతట తాను లొంగిపోయినా జరిమానా, జైలు ఉంటాయి గాని బెత్తం మాట రాదు. 89వ రోజుకూ 91వ రోజుకూ మధ్య తేడా మనిషి ఒంటి మీద కనిపిస్తుంది. వర్క్ పర్మిట్ యజమానికి ముడిపడి ఉంటుంది. యజమాని రద్దు చేస్తే లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. రావలసిన జీతం కోసం, కొత్త పని దొరుకుతుందన్న ఏజెంటు మాట మీద ఆశతో ఆగిపోయేవాళ్లు ఈ లెక్క చూసుకోరు.

మలేసియాలో తర్కం వేరు. అక్కడ ఇమిగ్రేషన్ చట్టం 6(3) సెక్షన్ కింద, చెల్లే పర్మిట్ లేకుండా ప్రవేశించినవాళ్లకు 10,000 రింగిట్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు, 6 దెబ్బల దాకా బెత్తం. ఈ బెత్తం 2002 సవరణతో వచ్చింది. చట్టబద్ధంగా వచ్చి గడువు మీరి ఉండిపోయినవాళ్లకు వర్తించేది 15(4) సెక్షన్. దానిలో జరిమానా, జైలు ఉన్నాయి గాని బెత్తం లేదు. మరి పట్టుబడ్డవాడు వీటిలో ఏ సెక్షన్ కిందికి వస్తాడు? విమానాశ్రయంలో వేసిన ముద్ర ఉన్న పాస్‌పోర్టు చేతిలో ఉంటే రెండోది. అది యజమాని బీరువాలోనో ఏజెంటు దగ్గరో ఇరుక్కుపోతే మొదటిదాని కిందికి జారే ప్రమాదం ఉంది. నకిలీ పర్మిట్ అయితే, పత్రాల ఫోర్జరీకి సంబంధించిన 55డి సెక్షన్ పెట్టే ప్రమాదం ఉంది: కనీసం 30,000 రింగిట్ల జరిమానా, 5 నుంచి 10 ఏళ్ల జైలు, 6 దెబ్బల దాకా బెత్తం. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి విజిట్ వీసా మీద తీసుకెళ్లి ‘అక్కడికి వెళ్లాక పర్మిట్ కొట్టిస్తాం’ అనే ఏజెంట్ల గురించి విన్నవాళ్లకు ఈ సెక్షన్ ఎక్కడ కాటేస్తుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఏజెంటు చేతికి డబ్బు అందుతుంది, నకిలీ ముద్ర ఉన్న కాగితం కూలీ జేబులో దొరుకుతుంది.

2002 నుంచి 2008 మధ్య ఇమిగ్రేషన్ నేరాలకు 34,923 మంది విదేశీయులను బెత్తంతో శిక్షించినట్లు మలేసియా ప్రభుత్వమే తన పార్లమెంటుకు తెలిపింది. వాళ్లు ఎవరినీ గాయపరచలేదు, ఎవరి సొమ్మూ దోచలేదు. నేరానికి తగ్గ శిక్ష అన్న కొలబద్ద ఎక్కడైనా పూర్తిగా విరిగిపోయిందంటే ఇక్కడే. అదే చట్టంలోని 55బి సెక్షన్ కింద, అక్రమంగా ఐదుగురికి మించి విదేశీ కూలీలను పెట్టుకున్న యజమానికీ 6 దెబ్బల దాకా వేయవచ్చు. రాతలో ఇద్దరికీ ఒకే బెత్తం. దాడుల్లో పట్టుబడి బారులు తీరేది మాత్రం కూలీలే.

అంతర్జాతీయ చట్టంలో ఉన్న సందు

‘ఐక్యరాజ్యసమితి ఒప్పందాలు ఉండగా ఇది ఎలా సాగుతోంది’ అనే ప్రశ్న తరచూ వస్తుంది. సింగపూర్, మలేసియా రెండూ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో గాని, 1984 నాటి చిత్రహింసల నిషేధ ఒప్పందంలో గాని చేరలేదు. చేరని దేశం మీద ఆ నియమాలు నేరుగా పనిచేయవు. చిత్రహింసల ఒప్పందం మొదటి అధికరణంలోనే ‘చట్టబద్ధమైన శిక్షల్లో సహజంగా ఉండే నొప్పి’ని నిర్వచనం నుంచి మినహాయించారు. చట్టం రాసి కొడితే చిత్రహింస కాదని వాదించే దేశాలకు ఆ వాక్యమే అండ.

కోర్టులు మాత్రం చాలాచోట్ల ఆ వాదనను ఒప్పుకోలేదు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 15 ఏళ్ల కుర్రాడికి వేసిన 3 దెబ్బలు మనిషిని దిగజార్చే శిక్షేనని 1978లో యూరోపియన్ మానవహక్కుల కోర్టు తేల్చింది. 1995లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ కోర్టు బాలనేరస్తులకు వేసే కొరడా దెబ్బల్ని కొట్టేసింది. 2005లో ట్రినిడాడ్ కేసులో అమెరికా ఖండాల మానవహక్కుల కోర్టు దాన్ని చిత్రహింస అనే పేరుతోనే పిలిచింది.

సౌదీ, ఆచే: వేరే దారులు

సౌదీలో చిక్కు సంఖ్య దగ్గర ఉండేది. మత గ్రంథాల్లో శిక్ష నిర్దేశించిన కొద్ది నేరాలు పోగా, మిగతా వాటికి ఎన్ని కొరడా దెబ్బలన్నది న్యాయమూర్తి ఇష్టానికే వదిలేశారు. రాసిపెట్టిన శిక్షాస్మృతి లేదు. బ్లాగులు రాసిన రైఫ్ బదావీకి 2014లో 10 ఏళ్ల జైలు, 10 లక్షల రియాళ్ల జరిమానాతో పాటు 1,000 దెబ్బలు వేయగలిగారంటే కారణం అదే. 2015 జనవరిలో జెద్దాలో మొదటి 50 కొట్టారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక మిగతావి కొట్టలేదు. 2020 ఏప్రిల్‌లో సౌదీ సుప్రీంకోర్టు జడ్జీల విచక్షణకు వదిలిన కేసుల్లో కొరడాకు బదులు జరిమానా లేదా జైలు వేయాలని ఆదేశించింది. మతపరంగా నిర్దేశించిన నేరాలకు అది వర్తించదు. కాబట్టి ‘సౌదీలో కొరడా పూర్తిగా పోయింది’ అనుకోవడం సరికాదు.

ఇండోనేసియాలోని ఆచే రాష్ట్రంలో 2005 నుంచి బహిరంగంగా బెత్తంతో కొడుతున్నారు. జూదం, మద్యం, వివాహేతర సంబంధాల లాంటివి అక్కడి నేరాలు. ఆడవాళ్లకూ మినహాయింపు లేదు. దెబ్బ సింగపూర్ దెబ్బంత తీవ్రంగా ఉండదు. అక్కడ శిక్ష శరీరం కన్నా పరువు మీద పడుతుంది.

భయం పనిచేస్తోందా?

సింగపూర్ వీధుల్లో రాత్రి నిర్భయంగా నడవవచ్చు, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ భద్రత బెత్తం వల్ల వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. అక్కడ పోలీసులు లంచం తీసుకోవడం అరుదు, నేరం చేస్తే పట్టుబడే అవకాశం ఎక్కువ, విచారణ ఏళ్ల తరబడి సాగదు. ఇవన్నీ ఒకేసారి పనిచేస్తుంటే ఒక్క బెత్తానికే ఘనత కట్టబెట్టలేం. 1990లో బెత్తాన్ని తీసేసిన హాంకాంగ్ కూడా సురక్షితమైన నగరంగానే కొనసాగింది. మన దగ్గర ఈ శిక్ష కావాలని కోరేవాళ్లు సింగపూర్ నుంచి ముందు తెచ్చుకోవలసింది ఆ వేగాన్ని, ఆ దర్యాప్తునూ. ఏళ్ల తరబడి విచారణ ఖైదీలతో నిండి ఉన్న జైళ్లలో బెత్తం దొరికినవాడి మీద పడుతుంది, చేసినవాడి మీద కాదు.

పొరపాటు జరిగితే

2007లో సింగపూర్‌లో ఒక యువకుడికి కోర్టు 5 దెబ్బలు విధించింది. కోర్టు సిబ్బంది కాగితంలో అంకె తప్పు రాశారు. జైల్లో 8 కొట్టారు. ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది, తరవాత ఆ కుటుంబంతో పరిహారం విషయంలో రాజీ కుదిరింది. జైలు శిక్ష తప్పని తేలితే మిగిలిన రోజులైనా తిరిగి ఇవ్వవచ్చు. ఆ మూడు దెబ్బల్ని ఇవ్వడానికి దారి లేదు. నియమాలన్నీ పక్కాగా ఉన్న వ్యవస్థలో జరిగిన పొరపాటు ఇది.

అందుకే తొలి రోజుల్లో చేసే పనులే ఇక్కడ కీలకం. సింగపూర్‌లో తీర్పు వచ్చిన 14 రోజుల లోపు అప్పీలు నోటీసు వేయాలి. అప్పీలు తేలేదాకా దెబ్బలు కొట్టరు. నేరాభియోగం చదివి వినిపించాక పోలీసులు ఒక హెచ్చరికతో వాంగ్మూలం అడుగుతారు: మీ తరఫు వాదన ఇప్పుడు చెప్పకుండా విచారణలో చెబితే జడ్జి నమ్మే అవకాశం తగ్గవచ్చు అని. దాని బరువు తెలియకుండా సంతకం పెట్టేవాళ్లు తరవాత మాట మార్చుకున్నట్టు కనిపిస్తారు. తమిళం సింగపూర్ అధికార భాషల్లో ఒకటి, తెలుగు కాదు. ‘తమిళం వచ్చా’ అని అడిగితే, వచ్చీరాని తమిళంతో తలూపడం ప్రమాదం. తెలుగు దుబాసీ కావాలని మొదటి రోజే, మొదటి వాంగ్మూలానికి ముందే స్పష్టంగా అడగాలి.

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే ఆ సంగతిని అతని దేశపు కార్యాలయానికి తెలియజేయాలి. సింగపూర్, కౌలాలంపూర్‌లలో అది భారత హైకమిషన్, సౌదీలో రియాద్ రాయబార కార్యాలయం లేదా జెద్దా కాన్సులేట్. ‘కోరితే’ అన్న మాటే ముఖ్యం. నోరు తెరిచి అడగాలి. ఊళ్లో ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అందుకు పాస్‌పోర్టు నంబరు, పర్మిట్ నంబరు, యజమాని సంస్థ పేరు, విమానం ఎక్కిన తేదీ అవసరమవుతాయి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, ప్రవేశ ముద్ర పడ్డ పేజీ, పర్మిట్ రెండు వైపులా ఫోన్లో ఫొటో తీసి దిగిన రోజే ఇంటికి పంపించి పెట్టుకోవాలి. మలేసియాలో 15(4) సెక్షన్‌కూ 6(3) సెక్షన్‌కూ మధ్య నిలబడ్డవాడికి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినప్పుడు, తాను దొంగతనంగా రాలేదని చూపడానికి మిగిలేది ఆ ముద్ర ఫొటో ఒక్కటే.